సత్ప్రసాదం - పంక్తిభేదం

తపస్కాలం వచ్చిందంటే కథోలిక కుటుంబాల్లో లెక్కలు మొదలవుతాయి. విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందటి శనివారం దాకా 46 రోజులు. 6 ఆదివారాలు తీసేస్తే నికరంగా 40. ఉపవాసాలెన్ని, సిలువ మార్గాలెన్ని, సత్ప్రసాద ఆరాధనలో కూర్చున్న గంటలెన్ని అని రాసుకునేవారున్నారు. కామర్సు చదివి బ్యాంకులో తల నెరిసినవాణ్ణి, లెక్క రాయడం తప్పని నేననను. అయితే భక్తి పెరిగిందో లేదో చెప్పేది ఆ జమ పద్దేనా అన్నదే నా సందేహం.

పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పమే సత్ప్రసాదం. ఏడాదికి ఒక్కసారైనా, ఈస్టరు రోజుల్లో, దాన్ని తీసుకొని తీరాలని 1215లో నాలుగో లాటరన్ మహాసభ నిర్ణయించింది. భయభక్తుల్లో భయం పాలు ఎక్కువై జనం దూరంగా ఉండిపోయిన కాలమది. 1905లో పదో పయస్ పోపుగారి హయాంలో వచ్చిన ఆదేశం, వీలైతే రోజూ స్వీకరించమంది. అది మంచివాళ్ళకిచ్చే బహుమానం కాదు, బలహీనులకిచ్చే మందు అని దాని భావం. అయినా యోగ్యత అన్న ప్రశ్న పోలేదు.

ఆ ప్రశ్నను మొదట గట్టిగా వేసినవాడు పౌలు. కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలో, అయోగ్యంగా భుజించేవారిని హెచ్చరించాడని అందరికీ తెలుసు. ఎందుకు హెచ్చరించాడన్నది మాత్రం దాటేస్తాం. అక్కడ కలిగినవాళ్ళు ముందే తిని, తాగి మత్తెక్కి ఉంటే, లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోయేవారు. మన భాషలో చెప్పాలంటే పంక్తిభేదం. ఒకరికోసం ఒకరు ఆగి భోంచేయమన్నాడు పౌలు.

మేముండే తమిళనాట ఈ పంక్తిభేదం గోడగానే నిలిచింది. తిరునెల్వేలి జిల్లా వడక్కన్‌కుళంలో 19వ శతాబ్దంలో కట్టిన చర్చికి, ప్యాంటు కాళ్ళలా రెండు శాలలుండేవి. పై కులాలమనుకున్నవారు ఒకదానిలో, తక్కినవారు ఇంకోదానిలో. నడుమ గోడ. రెండూ కలిసేచోట ఒకే బలిపీఠం. 1910లో గోడ కూల్చారు. పై కులాలవారు ప్రత్యేక హక్కు కావాలని మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయారు. గోడకు అటూ ఇటూ కూడా తపస్కాలాలు నిష్ఠగానే జరిగి ఉంటాయి. కార్చిన కన్నీళ్ళు నిజమైనవే అయి ఉంటాయి. ఆ భక్తి బూటకమనే సాహసం నాకు లేదు. అంత భక్తీ ఉండి, ఎదురుగా ఉన్న గోడ ఏళ్ళ తరబడి అడ్డమనిపించలేదే అన్నదే నా కలవరం.

అలాగైతే ఈ ఆరాధనలెందుకు, సంఘసేవ చాలదా అని మిత్రులు అడుగుతారు. చాలదనే అనుకుంటాను. సేవ చేసేవాడికి మెల్లగా ఒక పెద్దరికం వస్తుంది. అప్పులిచ్చే కుర్చీలో ఇన్నేళ్ళు కూర్చున్నవాణ్ణి, దాని రుచి నాకు తెలుసు. సత్ప్రసాద పేటిక ముందు నోరు మూసుకుని గంటసేపు కూర్చోవడం అందుకే కష్టం. అక్కడ ఎవరైనా పుచ్చుకునేవాళ్ళే. తమిళంలో సత్ప్రసాదాన్ని 'నర్‌కరుణై' అంటారు, మంచి కరుణ అని. కరుణ పుచ్చుకునేదే గాని సంపాదించేది కాదు కదా! చేయి చాచి పుచ్చుకున్నవాడు, పక్కన చేయి చాచినవాణ్ణి ఏ మొహంతో వేరు పంక్తిలో కూర్చోబెడతాడు?

యోహాను సువార్తలో కడపటి భోజనం దగ్గర రొట్టె ఇచ్చిన ఘట్టం లేదు. ఆ చోట శిష్యుల కాళ్ళు కడిగిన ఘట్టం ఉంది. పవిత్ర గురువారం సాయంత్రం పూజలో రెండూ కలుస్తాయి. కాళ్ళు కడిగించుకోవడానికి పురుషులే ఉండాలన్న నియమాన్ని 2016లో ఫ్రాన్సిస్ పోపుగారు సడలించారు. మా విచారణలో ఆ 12 కుర్చీల్లో ఎవరు కూర్చోవాలన్న చర్చ ఏటా తపస్కాలం మొదట్లోనే లేస్తుంది. దాతల పేర్లు వస్తాయి, సంఘ పెద్దల పేర్లు వస్తాయి. చర్చి ఊడ్చే మనిషి పేరు ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. ఈసారి నేను చెప్పదలచుకున్నాను.