మందు ఎవరి సొత్తు?

మన ఆడవాళ్లు ఈ జబ్బుకు పేరు పెట్టరు. "వేడి చేసింది" అంటారు. హోసూరు వైపు మా ఇళ్లలో అదే మాట, బెంగుళూరు గార్మెంట్స్‌కు బస్సెక్కే పిల్లల నోటా అదే మాట. తమిళంలో నీర్‌కడుప్పు అని సూటైన మాట ఉంది గాని, మగ డాక్టరు ముందు అదీ గొంతు దాటదు. బార్లీ నీళ్లు, మజ్జిగ, తగ్గకపోతే మందుల షాపు. రెండు మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తారు. మంట తగ్గుతుంది, పని నడుస్తుంది.

ఆ మాత్రలు ఆమె డబ్బుతో కొన్నవే, ఆమె ఒంట్లోకి పోయినవే. అయినా వాటి సంగతి ఆమెతో తీరదు. ఈ మంటకు చాలావరకు కారణం మన పేగుల్లోనే కాపురముండే ఇ.కోలి. మందు పడినప్పుడల్లా లొంగేవి చస్తాయి, లొంగనివి పెరుగుతాయి. పైగా ఆ లొంగని గుణాన్ని పక్కనున్న వేరే జాతి క్రిములకు కూడా చేబదులిస్తాయి. (ఈ ఒక్క విషయంలో మనకంటే ఉదారులు!) ఒకప్పుడు ఇట్టే పనిచేసిన నార్‌ఫ్లాక్సాసిన్ వంటివి ఇప్పుడు మన దేశంలో చాలామందికి పనిచేయడం లేదు. 1950లలో వచ్చిన నైట్రోఫ్యురాంటాయిన్‌ను వైద్యులు మళ్లీ ఆశ్రయిస్తున్నారు. జబ్బు మూత్రపిండాలకు పాకితే అదీ చాలదు, ఆసుపత్రి మంచమే.

అంటే మందు బలం ఊరి చెరువు వంటిది. మరి ఎండగట్టిన పాపం ఎవరిది?

1945లో నోబెల్ ఉపన్యాసంలో ఫ్లెమింగ్ ఒక ఊహాకథ చెప్పాడు. గొంతునొప్పితో ఒకాయన పెన్సిలిన్ చాలీచాలకుండా వాడతాడు. తట్టుకోవడం నేర్చిన క్రిమి భార్యకు అంటి, మందు పనిచేయక ఆమె చనిపోతుంది. తప్పు ఆయన అజాగ్రత్తదేనని ఫ్లెమింగ్ తీర్పు. ఆ తీర్పును మన పిల్లమీదికి తేవడానికి నాకు మనసొప్పదు. మరుగుదొడ్డికి పోవాలంటే సూపర్‌వైజరు మొహం చూడాలి గనుక ఆమె పొద్దుటినుంచి నీళ్లే తాగదు. నీళ్లు బాగా తాగితే ఈ జబ్బు మళ్లీమళ్లీ రావడం తగ్గుతుందని 2018లో ఒక పరిశోధన తేల్చింది. మూత్రం కల్చర్ పరీక్షకు ఇస్తే ఆ పూట కూలి పోతుంది. చదువుకున్న వైద్యులు మాత్రం? ఏ బాధా లేకపోయినా, గర్భిణి కాకపోయినా, రిపోర్టులో క్రిమి కనబడిందని మందు రాసేవారు లేరా?

2014 నుంచి కొన్ని యాంటీబయాటిక్స్‌ అమ్మకాన్ని షాపువాళ్లు రిజిస్టరులో రాయాలి. చీటీ లేనిదే ఇవ్వకూడదు. మంచిదే, కచ్చితంగా జరగాలనే నేనూ అంటాను. లేకపోతే అదే బస్సులో పక్క సీటు పిల్లకు రేపు ఏ మాత్రా పనిచేయదు. కాని ఆ కౌంటరు ఒక్కటే మూస్తే ఈమెకు ఉన్న ఒక్క వైద్యుడూ పోతాడు. ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. షాపులో రిజిస్టరు అడిగే అధికారి వెంట, ఫ్యాక్టరీలో మరుగుదొడ్డి తాళంచెవి అడిగే అధికారి కూడా అదే రోజు రావాలి.