ఆలస్యంగా పలికే గాంధారం

రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో ఒక హార్మోనిస్టు ఉండేవాడు. పద్యనాటకాలు తెల్లవార్లూ ఆడే రోజులవి. స్టేజీకి ఒక పక్కన కాలి హార్మోనియం ముందు ఆయన కూర్చున్నాడంటే, తెర లేచింది మొదలు మంగళం పాడేదాకా నాటకం పగ్గాలు ఆయన చేతిలోనే. నటుడికి శ్రుతి అందించేది ఆయన. తబలా అబ్బాయికి కంటితో సైగ చేసేది ఆయన. కృష్ణుడు పద్యం మధ్యలో మరిచిపోతే, గుర్తొచ్చేదాకా రాగం సాగదీసి పరువు నిలబెట్టేదీ ఆయనే. వేషగాళ్ళు మారేవారు, ఊళ్ళు మారేవి, పెట్టె మాత్రం అదే.

ఆ పెట్టెకో జబ్బుంది. పై గాంధారం మెట్టు నొక్కిన వెంటనే పలికేది కాదు. రీడు బద్ధకమో, తిత్తిలో గాలి చాలకో, రెప్పపాటు ఆగి పలికేది. ఆయన ఏళ్ళ తరబడి దానితోనే కాపురం చేశాడు. ఆ స్వరం రాబోతోందంటే ఒక తొక్కు ముందే కాలు బలంగా వేసేవాడు, వేలు కాస్త ముందే దించేవాడు. అయినా వెంట్రుకవాసి ఆలస్యం మిగిలేది. నటులు దానికే అలవాటుపడి, అక్కడికి రాగానే ఆగి ఊపిరి తీసుకునేవారు. రాయబారం పద్యాల్లో ఆ చోట జనం కూడా ఊపిరి బిగబట్టేవారు. స్వరం అందగానే ‘వన్స్ మోర్’ అని పందిరి ఎగిరిపోయేలా అరిచేవారు. ఆ అరుపుకు ఒక మొండి మెట్టు కారణమని ఎవరూ అనుకోలేదు.

ఆయన పోయాడు. ఇద్దరు శిష్యులు మిగిలారు. పెద్దవాడికి గురువంటే ప్రాణం. “మా గురువుగారు ఈ జబ్బు పెట్టెతో పడ్డ అవస్థ చాలు” అని దాన్ని తెనాలి తీసుకెళ్ళాడు. కొత్త రీడ్లు, తిత్తులకు కొత్త తోలు, పైన పాలిష్ చేయించాడు. గాంధారం ఇప్పుడు తాకీ తాకకముందే పలుకుతోంది. శివరాత్రికి నాటకం పెట్టారు. నటుడు అలవాటు కొద్దీ ఆగాడు, పెట్టె ఆగలేదు. స్వరం ముందే వచ్చి అతని కోసం కాచుక్కూర్చుంది. మరుసటి పద్యానికి అతనూ ఆగడం మానేశాడు. పద్యం పచారీ చీటీ చదివినట్టు గడగడా అయిపోయింది. ఒక్కరూ వన్స్ మోర్ అనలేదు.

“ఆ కళ ఆయనతోనే పోయింది” అన్నారు ఊళ్ళోవాళ్ళు. పెద్దవాడు పట్టు వదల్లేదు. గాంధారం రీడు దగ్గర చిన్న కాగితం ముక్క దోపాడు. మెట్టు మళ్ళీ ఆలస్యంగా పలికింది. అయితే ఆ ఆలస్యాన్ని ముందే అందుకోవడం అతని కాలికి తెలీదు. నటుడూ ఆగాడు, పెట్టే ఆగింది, ఎవరికి వారుగా ఆగారు. ముందు వరసలో పిల్లలు నవ్వారు.

చిన్నవాడు, పీకేసిన పాత రీడ్లూ తిత్తులూ అటక మీద ఉంటే అడిగి తీసుకుని, ఒక డొక్కు పెట్టెలో బిగించుకున్నాడు.

“మళ్ళీ ఆ చెత్త ఎందుకురా?” అన్నాడు పెద్దవాడు.

“నాటకానికి కాదన్నయ్యా, నేర్చుకోవడానికి.”

కోతలైపోయిన దగ్గర్నుంచి మళ్ళీ నాట్లు పడేదాకా ఒక్క నాటకానికీ ఒప్పుకోలేదు. రోజూ ఆ గాంధారం దగ్గరే కూర్చున్నాడు. మొదట్లో దాన్ని తిట్టాడు. తర్వాత కాలు దారికొచ్చింది, ఆ తర్వాత వేలు. అందరికంటే ఆలస్యంగా చెవికి అర్థమైంది. గాంధారం మొండికేస్తుందని గురువు దాని ముందున్న రిషభాన్ని కాస్త ఎక్కువసేపు పట్టి ఉంచేవాడు. నటుడికి ఊపిరి తీసుకునే సందు దొరికింది అక్కడే. మరుసటి శివరాత్రికి చిన్నవాడు, అన్నయ్య పాలిష్ చేయించిన పెట్టె ముందే కూర్చున్నాడు. కాగితం ముక్క తీసి పారేశాడు. రిషభం పట్టి ఉంచాడు. నటుడు ఊపిరి తీసుకున్నాడు. ఆ పద్యం మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. నాటకం ముగిసేసరికి బాగా పొద్దెక్కింది.

నీతి: పాత వాద్యంలో లోపం కనబడితే, దాన్ని దిద్దకముందు, దానికి దండ వేయకముందు, కొన్నాళ్ళు దాని దగ్గర శిష్యరికం చెయ్యి.

కథ కల్పించిందే. ఇద్దరు శిష్యుల పనీ మాత్రం యూరప్‌లో నిజంగానే జరిగింది. అక్కడి పెట్టె పేరు హార్ప్సికార్డ్. మెట్టు నొక్కితే లోపల ఈక మొన ఒకటి తీగను మీటుతుంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా మోత ఒక్కటే. పియానో వచ్చాక దీన్ని మూల పెట్టేశారు. 20వ శతాబ్దం మొదట్లో దీనికి మళ్ళీ ప్రాణం పోసినావిడ వాండా లాండోవ్‌స్కా. ఆవిడ కోసం పారిస్‌లోని ప్లేయెల్ కంపెనీ 1912లో కొత్త హార్ప్సికార్డ్ చేసింది. పియానోలు కట్టే కంపెనీ కాబట్టి పియానో బలమంతా దానికి ఎక్కించింది: భారీ పెట్టె, స్వరం రంగు మార్చడానికి కాలి పెడళ్ళు, తర్వాత ఇనుప చట్రం. లాండోవ్‌స్కా మహా విద్వాంసురాలు, అందులో సందేహం లేదు. ఆ వాద్యం మాత్రం పెద్ద శిష్యుడు తెనాలి నుంచి తెచ్చిన పెట్టెలాంటిదే.

చిన్న శిష్యుడి పని చేసినవాడు గుస్తావ్ లియోన్‌హార్ట్. 1928లో నెదర్లాండ్స్‌లో పుట్టాడు, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో చదివాడు, 1950లో వియన్నాలో తొలి కచేరీ చేశాడు. మార్టిన్ స్కోవ్రోనెక్ అనే జర్మన్ పనివాడు 1745 నాటి ఒక ఆంట్వెర్ప్ హార్ప్సికార్డ్‌ను చూసి, 1962లో ఆయనకు కొత్తది కట్టిచ్చాడు. ఇనుము లేదు, పెడళ్ళు లేవు. వేలి బరువుతో మోత పెరగని పెట్టె మీద ఒక స్వరాన్ని ముఖ్యమని వినేవాడికి ఎలా చెప్పాలి? లియోన్‌హార్ట్ దాని ముందు చిటికెడు సందు వదిలాడు, లేదా దాన్ని లేశమాత్రం ఆలస్యం చేశాడు. చెవి దాన్నే బరువుగా వింది. గట్టిగా వాయించే వీలు ఉండి ఉంటే ఈ ఉపాయం తట్టేదా? నాకైతే నమ్మకం లేదు.

ఆయన వేళ్ళ దగ్గరే ఆగలేదు. వాద్యబృందాన్నీ, గాయకుల్నీ నడిపించాడు. నికోలస్ హార్నన్‌కోర్ట్‌తో పనిని పంచుకుని, జర్మన్ సంగీతకర్త బాఖ్ చర్చి కోసం రాసిన కాంటాటాలనే పాటల కూర్పులన్నిటినీ బాఖ్ కాలపు వాద్యాలతో రికార్డు చేశాడు. 1971లో మొదలైన ఆ పని 1990కి ముగిసింది. 1968లో వచ్చిన ఒక సినిమాలో బాఖ్ వేషం వేసి, విగ్గు పెట్టుకుని తానే వాయించాడు. టాన్ కూప్‌మన్, క్రిస్టఫర్ హాగ్‌వుడ్ లాంటి శిష్యులు ఆ దారినే సొంత బృందాలు పెట్టుకున్నారు. లియోన్‌హార్ట్ 2011 డిసెంబరులో చివరి కచేరీ చేసి, మరుసటి నెల పోయాడు.

మన దగ్గర కథ ఇంకాస్త తమాషా. హార్మోనియం మనది కాదు. 1842లో పారిస్‌లో దెబాఁ అనే ఆయన పేటెంటు తీసుకున్న సరుకు. దాని మీద గమకం పలకదు. దాని గాంధారం శుద్ధమైన గాంధారం కంటే, పక్కపక్క మెట్ల మధ్య దూరంలో ఏడో వంతు మేర ఎక్కువే ఉంటుంది. ఈ నేరాల కిందే ఆకాశవాణి 1940 మార్చి 1 నుంచి దాన్ని వెలేసి, 1971లో గానీ తలుపు తెరవలేదు. నాటకం మాత్రం వదల్లేదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామవిలాస సభలో సత్యభామగా వెలిగిన కాలానికి అది స్టేజీ మీద ఇంటి మనిషైపోయింది. గమకం పలకని పెట్టెతో మంచి హార్మోనిస్టు ఏం చేశాడంటే, గమకం వచ్చే చోట వేళ్ళు తేలిక చేసి గొంతుకు దారి ఇచ్చాడు.

ఇప్పుడు ఆ చోట కీబోర్డు వచ్చింది. దాన్ని తప్పుపట్టను. బటన్ నొక్కితే నటుడి శ్రుతికి దిగొస్తుంది, మోయడం తేలిక, పల్లెటూరి మైకుకు బాగా సరిపోతుంది. అయితే తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు అటకల మీదో, గుడి కొట్టుగదిలోనో కాలి హార్మోనియం ఉంటే, కీబోర్డు వాయించే కుర్రాణ్ణి వారానికో సాయంత్రం దాని ముందు కూర్చోబెట్టండి. ఎలుకలు తోలు కొరికి ఉంటే అతుకు వేయించక తప్పదనుకోండి. మొండి మెట్లు మాత్రం అలాగే ఉండనివ్వండి. ఏది ఎందుకు మొండికేస్తోందో ఆ కుర్రాడే చెప్పాక, మరమ్మతు చేసేవాడికి ఫోన్ చేయొచ్చు.