నిలువ ఉండని మందు



నీటి కరవు ఎరిగిన గుంతకల్లు ప్రాంతపు స్త్రీకి చిల్లుకడవ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. దూరపు బావినుండి తెచ్చునప్పుడు అడుగడుగునకు నీరు కారిపోవును. ఇల్లు దగ్గరైన ఆమెకు సగమైనను దక్కును. దూరమైన ఆమెకు అడుగున తడి మాత్రమే మిగులును. మన కాలమున ఇటువంటి మందు ఒకటి కలదు. దానినిగూర్చి ఒక ప్రశ్న మన యెదుట నిలిచియున్నది.

రాచపుండని పెద్దలు పిలిచిన క్యాన్సరు శరీరములో ఎక్కడెక్కడ ప్రాకినదో కనుగొనుటకు పెట్ స్కాన్ అను పరీక్ష చేయుదురు. దానికి కావలసిన ఫ్లోరిన్-18 అను పదార్థమును సైక్లోట్రాన్ అను యంత్రములో పుట్టింతురు. ఈ యంత్రమును కనిపెట్టిన అమెరికా దేశస్థుడు ఎర్నెస్టు లారెన్సుకు 1939లో నోబెల్ బహుమానము లభించెను. వైద్యుడైన ఆయన తమ్ముడు జాన్, అందు పుట్టిన పదార్థములను రోగుల నిమిత్తము వాడుటకు పూనుకొనెను. మన దేశములో మొదటి వైద్య సైక్లోట్రాన్ 2002లో ముంబయిలో పనిలోనికి వచ్చెను. ఇప్పుడు హైదరాబాదులోను బెంగుళూరులోను కూడ ఇట్టివి కలవు.

గానుగ చుట్టు ఎద్దు తిరుగునట్లు, ప్రోటానులను మిక్కిలి సూక్ష్మమైన కణములు అయస్కాంత బలముచేత ఇందులో గుండ్రముగా తిరుగును. ఎద్దు అలయును గాని, ఇవి ప్రతి చుట్టునకు విద్యుత్తు తోపుడు పొంది మరింత వేగమందును. తుదకు ఆక్సిజన్-18 గల నీటిని తాకి, అందులో కొంత ఫ్లోరిన్-18 పుట్టించును. దానిని చక్కెరవంటి పదార్థముతో కూర్చి, రోగి బరువునుబట్టి కొలిచి, సూదిద్వారా ఇత్తురు. చక్కెరను ఎక్కువగా లాగుకొను క్యాన్సరు కణములు చిత్రములో తేటపడును. ఈ రోగికి ఈ చికిత్స పనిచేయుచున్నదో లేదో డాక్టరు దానినిబట్టి తెలిసికొనును.

అయితే ఈ మందు 110 నిమిషములలో సగమగును; మరి 110 నిమిషములకు ఆ సగములో సగమగును. ఏడు గంటల ఇరువది నిమిషములకు పదునారవ వంతే మిగులును. అరణ్యములోని మన్నావలె ఏనాటిది ఆనాడే. కొన్ని గంటల దారిలోనున్న ఆస్పత్రులకు తరుగు లెక్కించి ఎక్కువగా పంపుదురు. అంతకు మించిన దూరమైనచో రోగియే పోవలెను.

ఒకడు పట్టణములోను, ఒకడు వేరుశనగ చేల మధ్యను పుట్టుట వారి పుణ్యమును కాదు, పాపమును కాదు. అట్లైనచో దూరమువలని నష్టమును రోగి ఒక్కడే భరించవలెనా? ఊరూర ఇట్టి యంత్రము పెట్టుట సాధ్యము కాదు, నిజమే. కాని మందు నడువలేని దూరము పొరుగువాడు నడువగలడు. రోగిని ముందునాడే గుంతకల్లు జంక్షనులో బండి ఎక్కించుడి. ఒకరు తోడు పొండి. డాక్టరు చెప్పినన్ని గంటలు ఆయన ఏమియు తినకుండునట్లు చూడుడి. చక్కెర వ్యాధి ఉన్నచో ముందే తెలుపుడి. బండి ఆలస్యమైనచో ఆయనకని కొలిచిన మందు ఆయన కొరకు ఆగదు.

మరియొక మాట. తిరిగివచ్చిన వానిని, కిరణములు తగులునని వెలివేయకుడి. ఆ దినమున కొన్ని గంటలు గర్భిణులకును పసిపిల్లలకును ఎడముగా ఉండుమని డాక్టర్లు చెప్పుదురు. ఒక దినము గడచునప్పటికి ఆ మందులో వెయ్యవ వంతైనను ఉండదు. మందు పోయిన తరువాత మన భయము మాత్రము నిలిచియుండుట న్యాయమా?

మీ సంఘములో అట్టి రోగి ఉన్నచో, ఈ వారమే ఆయన ఇంటికి పోయి ప్రయాణపు దినము ఎప్పుడని అడుగుడి.