కావలి కాసిన కుక్క ముసలిదైతే

జుమా నమాజు ముగిసి, సున్నతులు కూడా చదువుకుని జనం వెళ్ళిపోయిన తర్వాత ఒక సోదరుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. వయసు నలభై దాటి ఉంటుంది. నూజివీడు ప్రాంతంలో వాళ్ళకు చిన్న మామిడితోట ఉంది. అడగాలా వద్దా అన్నట్లు కాసేపు టోపీ సర్దుకుంటూ ఉండిపోయి, చివరికి "మౌలానా, కుక్కకు అన్నం పెడితే గునాహ్ అవుతుందా?" అని అడిగారు.

విషయం ఏమిటంటే, వాళ్ళ నాన్నగారు బ్రతికి ఉన్నప్పుడు తోట కాపలాకు ఒక ఆడకుక్కను తెచ్చి పెంచారు. దానికిప్పుడు పదమూడేళ్ళు. కోతులు దిగినా, కాయలు దొంగిలించే పిల్లలు కంచె దూకినా మొరిగి లేపేది అదే. నాన్నగారు చనిపోయి రెండేళ్ళయింది. ఈ ఏడు దాని కడుపు కింద, పాలిచ్చే చోట గడ్డ లేచింది. పశువైద్యునికి చూపిస్తే కేన్సర్ అన్నారు, ఊపిరితిత్తులకు కూడా పాకింది, ఈ వయసులో ఆపరేషన్‌కు తట్టుకోదు, ఉన్నన్నాళ్ళు బాగా చూసుకోండి అన్నారు. ఇంట్లో పెద్దన్నయ్యకు ఇది నచ్చలేదు. అసలే నాపాక్ జంతువు, పైగా చచ్చిపోయేది, దీని మీద డబ్బు దండుగ అన్నారు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక సాయంత్రం దాన్ని ఆటోలో ఎక్కించి, చాలా దూరాన హైవే పక్కన ఒక ధాబా దగ్గర వదిలి వచ్చారు.

"ఆ రాత్రి నిద్ర పట్టలేదు మౌలానా. ఫజర్ చదివి బండి మీద వెళ్ళాను. వదిలిన చోటే కూర్చుని ఉంది. రోడ్డు వైపే చూస్తోంది" అన్నారాయన. వెనక్కి తెచ్చుకుని రెండు పూటలా అన్నం పెడుతున్నారు. ఇంట్లో మాత్రం గొడవ ఆగలేదు. ఇప్పుడు చేస్తున్నది తప్పా, ఆ సాయంత్రం చేసింది తప్పా, ఆయనకు తేలాల్సింది ఇదీ.

ప్రియ సోదర సోదరీమణులారా! ఈ ప్రశ్న ఒక్కరిది కాదు. కుక్క అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒకే ఒక్క మాట: నాపాక్. గిన్నెలో మూతి పెడితే ఏడుసార్లు కడగాలని, అందులో ఒకసారి మట్టితో రుద్దాలని చిన్నప్పుడే మక్తబ్‌లో నేర్చుకున్నాం. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు నిజమైనదే, అందులో సందేహం లేదు. అయితే అదే అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన మరో హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. అది మనకు అంతగా గుర్తుండదు.

ఒక మనిషి దారిన పోతూ విపరీతమైన దాహంతో ఒక బావిలోకి దిగి నీళ్ళు తాగాడు. పైకి వచ్చేసరికి ఒక కుక్క నాలుక బయటపెట్టి, దప్పికతో తడిమట్టిని నాకుతోంది. ఇప్పటిదాకా నా గతి ఏమైందో దీని గతీ అదేనని అనుకున్నాడు. మళ్ళీ బావిలోకి దిగాడు. చేద లేదు, చెంబు లేదు. కాలి తోలు మేజోడు విప్పి దాన్ని నీళ్ళతో నింపి, పళ్ళతో కరచిపట్టుకుని ఎక్కాడు. ఎక్కడానికి రెండు చేతులూ కావాలి కదా! కుక్క దాహం తీర్చాడు. అల్లాహ్ అతని పనిని మెచ్చి, అతన్ని క్షమించాడు. ఇది విన్న సహాబాలు, పశువుల విషయంలో కూడా మాకు పుణ్యముంటుందా అని ఆశ్చర్యంగా అడిగారు. తడి ఆరని కాలేయం ఉన్న ప్రతి ప్రాణి విషయంలోనూ పుణ్యముందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలియజేశారు. ప్రాణం ఉన్నంతవరకే లోపల తడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నదా, పనికొచ్చేదా అన్న షరతు అందులో లేదు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మదరసాలో ఈ హదీసు పాఠం వచ్చిన రోజు మా చర్చంతా ఆ మేజోడు మీదే నడిచింది. కుక్క మూతి తగిలింది కదా, అది నాపాక్ అయిందా? కడుక్కుని తొడిగాడా, కడగకుండానే తొడిగాడా? నీళ్ళు వేరే దేనిలోనైనా పోసి పట్టాడేమో! ఈ చర్చ కొత్తదేమీ కాదు, హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) బుఖారీ వ్యాఖ్యానంలోనూ ఉంది, విద్యార్థికి అవసరం కూడా. కానీ గంటసేపు మేము మేజోడు గురించి మాట్లాడాం, ఆ కుక్క దాహం గురించి ఒక్కరమూ మాట్లాడలేదు. ఆ సోదరుని ప్రశ్న విన్న రోజు ఆ పాఠం మళ్ళీ గుర్తొచ్చింది.

శుద్ధి అశుద్ధాల ఆదేశం మన నమాజు కోసం, మన గిన్నె కోసం వచ్చింది. కుక్కను ఆకలితో ఉంచడానికి రాలేదు. దాని లాలాజలం అశుద్ధమైతే మనం కడుక్కోవాలి, అంతే. కడుక్కునే శ్రమ తప్పించుకోవడం కోసం ఒక ప్రాణి నోటి దగ్గర ముద్ద ఆపేయమని ఏ ఇమామూ చెప్పలేదు.

ఆ సోదరునికి ముందుగా మేము చెప్పింది, కావలి కోసం కుక్కను పెట్టుకోవడం ధర్మసమ్మతమేనని. వేట కోసం, మందల కోసం, పొలం కోసం పెంచే కుక్కలకు హదీసుల్లోనే మినహాయింపు ఉంది. అవసరం లేకుండా పెంచేవారికే రోజూ పుణ్యఫలం తరిగిపోతుందని హెచ్చరిక వచ్చింది. కాబట్టి వాళ్ళ నాన్నగారు చేసింది తప్పు కాదు. మరి ఇప్పుడది కావలి కాయలేదు, మొరగడానికే ఓపిక లేదు. మినహాయింపు ముగిసినట్లేనా? ఆయన అన్నయ్యగారి వాదన సరిగ్గా ఇదేనట.

ఈ వాదన మాకు ఎంతమాత్రం సరైనదిగా తోచలేదు. పదమూడేళ్ళు రాత్రుళ్ళు దాని చేత మేల్కొనిపించుకుని, అది పడిపోయిన రోజున హదీసు తెరిచి చూపించడం ధర్మాచరణ అవుతుందా? హిజ్రీ 660 (క్రీ.శ. 1262)లో మరణించిన గొప్ప షాఫియీ పండితులు ఇమామ్ ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలామ్ (రహ్మ) తమ 'ఖవాయిదుల్ అహ్‌కామ్' గ్రంథంలో మనిషిపై జంతువులకున్న హక్కులను ప్రస్తావించారు. వాటిలో మొట్టమొదటిది, దానికి తగిన పోషణ ఇవ్వడం. అది ముసలిదై మూలనపడినా, జబ్బుపడి ఇక దానివల్ల ఏ ప్రయోజనమూ లేకుండా పోయినా ఆ బాధ్యత పోదని ఆయన ప్రత్యేకంగా స్పష్టం చేశారు. పశువైద్యశాలలు లేని కాలంలో, ఏడున్నర శతాబ్దాల క్రితం ఒక ఫఖీహ్ రాసిన విషయమిది. మన హనఫీ పండితుల్లో కూడా యజమాని పోషించకపోతే ఖాజీ అతన్ని బలవంతపెట్టవచ్చా లేదా అన్నదానిపైనే చర్చ జరిగింది. అల్లాహ్ ముందు అతను దోషి అన్నదానిపై చర్చ లేదు.

ఇక ఆ సాయంత్రం సంగతి. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పోయిందన్న హదీసు అందరికీ తెలుసు. దానికి తిండి పెట్టనూ లేదు, నేల మీది పురుగూ పుట్రా తినేందుకు వదలనూ లేదని ఆమెపై నేరం. కొందరు దీన్ని పట్టుకుని, వదిలేస్తే పాపం లేదు కదా అంటారు. ఆ సోదరుని అన్నయ్యగారు కూడా అదే అన్నారట. పిల్లి వేటాడి బ్రతకగలదు. వదిలితే తన తిండి తాను చూసుకోగలిగిన ప్రాణి అది. పళ్ళు అరిగి, గడ్డతో నడవలేక, మనిషి చేతి ముద్దకే పదమూడేళ్ళు అలవాటుపడిన కుక్కను లారీలు తిరిగే రోడ్డు పక్కన దించి రావడం వదిలేయడం కాదు, తాడు లేకుండా కట్టేయడమే. మన దేశపు చట్టం కూడా, 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, పెంపుడు జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడాన్ని నేరంగానే చూస్తుంది. తౌబా చేసుకోవలసింది దీనికేనని చెప్పాం. తెల్లవారే లోపు తిరిగి వెళ్ళారు కాబట్టి ఆ తౌబా అప్పుడే మొదలైందని కూడా చెప్పాం. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

తోట మాట వచ్చింది కనుక గుర్తొస్తోంది. అబూ దావూద్‌లో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) ఉల్లేఖించారు. దైవప్రవక్త (స) ఒక అన్సారీ సహాబీ తోటలోకి వెళితే అక్కడి ఒంటె ఆయన్ను చూసి మూలిగింది, దాని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆయన దాని చెవుల వెనుక నిమిరి, అది ఊరుకున్నాక, ఇది ఎవరిదని అడిగారు. ఒక అన్సారీ యువకుడు నాదేనన్నాడు. నీ చేతికి అప్పగించబడిన ఈ మూగజీవి విషయంలో నీకు అల్లాహ్ భయం లేదా, నీవు దాన్ని ఆకలితో ఉంచి అలసిపోయేలా పనిచేయిస్తున్నావని నాతో మొరపెట్టుకుంది అని మందలించారు. ఆ మొరను విన్నది దైవప్రవక్త. మన తోటల్లో మొర వినేవారు ఉండరు, మనమే గమనించుకోవాలి.

అస్‌హాబె కహఫ్ గుహలో నిద్రించిన కాలమంతా వాకిట ముందుకాళ్ళు చాపుకుని ఉన్న కుక్కను దివ్యఖుర్‌ఆన్ (18:18) ఆ పుణ్యాత్ములతో పాటే ప్రస్తావించింది. (ఉర్దూ తఫ్సీరులు చదివినవారికి ఖిత్మీర్ అన్న పేరు తెలిసే ఉంటుంది. ఖుర్‌ఆన్‌లో మాత్రం దాని పేరు లేదు, కూర్చున్న తీరే ఉంది.) హైవే పక్కన వదిలిన చోటే కూర్చుందన్నప్పుడు మాకు మొదట స్ఫురించింది ఈ ఆయతే.

ఇక ఆచరణ విషయానికి వస్తే, ఆయన ఇల్లాలికి ఉన్న భయాలు చిన్నవేం కావు. నమాజు చదివే ఇల్లు. కనుక కుక్కను తోటలో పాక దగ్గరే ఉంచమన్నాం, ఇంట్లోకి తేనవసరం లేదు. దాని గిన్నె, నీళ్ళ తొట్టి వేరుగా పెట్టేస్తే కడిగే చర్చే రాదు. ఇంటి గిన్నెలో మూతి పెడితే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మూడుసార్లు కడిగితే శుద్ధి అవుతుంది, ఏడుసార్లు కడగడం మరింత మంచిది. షాఫియీ సోదరులు ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలి. పొడి ఒళ్ళు బట్టలకు తగిలితే మన దగ్గర బట్టలు నాపాక్ కావు, లాలాజలం తగిలితే ఆ చోటు కడుక్కోవాలి. తాకినంతమాత్రాన వుజూ పోదు. జకాత్ పైకం దీనికి వాడకూడదు, దాని హక్కుదారులు ఖుర్‌ఆన్‌లో నిర్ణయమైపోయారు. సొంత ఖర్చులో నుంచి, ఇంట్లోవారి హక్కు తగ్గకుండా పెట్టాలి.

ఏం పెట్టాలన్నది వైద్యుని మాట. అయితే మన ఇళ్ళలో ప్రేమతో చేసే తప్పులు కొన్నున్నాయి. బిర్యానీ, ఖుర్మా మిగిలితే కుక్కకు వేస్తాం. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఈద్ నాటి షీర్ ఖుర్మాలోని ఎండుద్రాక్ష దాని మూత్రపిండాలకు విషం. వలీమా భోజనంలో ఉడికిన ఎముకలు విరిగి పేగులో గుచ్చుకుంటాయి. మనం వేసుకునే నొప్పి మాత్రలు దానికి అసలే ఇవ్వకూడదు. కేన్సర్ వచ్చిన కుక్క తిన్నా చిక్కిపోతుంది, పైగా ఆకలి మందగిస్తుంది. అందుకే ఉప్పూ కారం లేకుండా ఉడికించి ఎముకలు తీసిన కోడిమాంసం, మెత్తని అన్నం, గుడ్డు వంటివి గోరువెచ్చగా పెట్టాలి. వెచ్చగా ఉంటే వాసన తెలిసి నోరు తెరుస్తుంది. ఒకేసారి పళ్ళెం నింపకుండా రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. తినకపోతే నోరు తెరిచి కుక్కకూడదు. నొప్పికి, వాంతికి వైద్యుడు మందిస్తారు.

నొప్పి భరించలేని స్థితి వస్తే ఇంజెక్షన్‌తో ప్రాణం తీయించవచ్చా అని కూడా ఆయన అడిగారు. ఈ విషయంలో పండితుల్లో భేదాభిప్రాయముంది. ఉపశమనానికి ఏ దారీ లేనప్పుడు అనుమతించినవారు ఉన్నారు, ప్రాణం తీసే హక్కు మనది కాదని ఆగినవారూ ఉన్నారు. ముందు నొప్పి తగ్గించే మందు వాడండి, ఆ స్థితే వస్తే వైద్యుని మాట తీసుకుని ముఫ్తీ దగ్గరకు వెళ్ళండి అన్నాం. చంపేటప్పుడు కూడా బాధ పెట్టకూడదని సహీహ్ ముస్లింలో హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) హదీసు ఉంది. కాబట్టి పస్తు పెట్టి, కొట్టి వదిలించుకోవడం మాత్రం ఎవరి అభిప్రాయంలోనూ లేదు. చనిపోతే వాసన రాకుండా తోటలోనే లోతుగా పూడ్చిపెట్టవచ్చు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ వ్యాసం చూపించి ఎవరైనా సరదాకు ఖరీదైన కుక్కపిల్లను కొని హాల్లో సోఫా మీద కూర్చోబెడితే, ఆ జవాబుదారీ వారిదే. మేము మాట్లాడుతున్నది పనిచేసి అలసిపోయిన ప్రాణి గురించి.

మూడు వారాల తర్వాత ఆ సోదరుడు ఫోన్ చేశారు. కుక్క ఉదయం రెండు ముద్దలు తింటోందట, సాయంత్రం వాసన చూసి పక్కకు తిరుగుతోందట. మొన్న పెద్దన్నయ్య తోటకు వచ్చి, వెచ్చచేసిన అన్నం గిన్నె తనే తీసుకెళ్ళి దాని ముందు పెట్టారట. ఆ తర్వాత చేతులు ఎన్నిసార్లు కడుక్కోవాలో మౌలానాను కనుక్కోమన్నారట. లాలాజలం తగలకపోతే ఆ కడుగుడు అవసరం లేదు, తగిలితే మూడుసార్లు కడుక్కోమని చెప్పండి అన్నాం.