లేచి ఇచ్చిన సీటు

అమ్మాయి పురిటికని దుబాయ్ మీదుగా న్యూయార్క్ వెళ్తూ, మోకాళ్ళ నొప్పుల వల్ల నడవ పక్క సీటుకి అదనంగా డబ్బు కట్టాను. తీరా కూర్చున్నాక ఒకాయన వచ్చి, "అమ్మా, మా ఆవిడ పక్కన నేను కూర్చుంటాను, మీరు వెనక మధ్య సీట్లోకి వెళ్ళండి" అన్నాడు. ఆవిడకి అటుపక్క, కిటికీ దగ్గరున్న మగవాణ్ణి అడగలేదు. నేను లేచాను. ఎవరూ బలవంతపెట్టలేదు. దాదాపు 14 గంటలు ఇద్దరు మగవాళ్ళ మోచేతుల మధ్య ముడుచుకుని కూర్చున్నాను.

దీన్ని మంచితనం అనుకోవాలా? అందరూ తిన్నాక మిగిలింది తినడం, మంచం వదిలి చాప మీద పడుకోవడం నేర్పిన ఇళ్ళలో ఆడదాని సుఖం ఎప్పుడూ స్వార్థమే. నిజానికి ఇది సుఖం మాట కూడా కాదు. 4 గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది.

కాదనగలిగినప్పుడే ఇవ్వడానికి విలువ. పసిబిడ్డ తల్లి అడిగితే ఇప్పుడైనా లేస్తాను. అది నా నిర్ణయం. ఆ రోజు లేచింది నా అలవాటు.

వెబ్ చెక్-ఇన్‌లో ఏ సీట్లు ఆడవాళ్ళు తీసుకున్నారో మహిళలకి కనిపించే ఏర్పాటు ఇండిగో 2024లో తెచ్చింది. మంచిదే. ఈ అలవాటు నుంచి మాత్రం ఏ సీటూ కాపాడదు.

తిరుగు ప్రయాణంలో మరొకరు అడిగారు. "మోకాళ్ళ నొప్పులండీ, కుదరదు" అన్నాను. అన్నాక నామీద నాకే కోపం వచ్చింది. నొప్పిని సాక్ష్యంగా చూపించకుండా ఒట్టి "కుదరదు" అనడం నాకింకా నోటికి రాలేదు.