దాత చెయ్యి, సర్కారు చట్టం

పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి తవ్వకాల్లో బయటపడ్డ ముచిలింద నాగుడి శిల్పం తెలంగాణ చరిత్ర చదివినవాళ్ళకు తెలిసిందే. ఆ కాలంలో ఇలాంటి స్తూపాలకు ఖర్చు పెట్టింది రాజులొక్కరే కాదు. అమరావతి స్తూపం పలకల మీది శాసనాలు చదివితే వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు, మామూలు ఇల్లాళ్ళు దాతలుగా కనిపిస్తారు. పూర్ణఘటం చెక్కిన ఒక పలక మీద విధికుడు అనే మనిషి పేరు ఉంది. తల్లితో, భార్యతో, ఇంటివాళ్ళతో కలిసి ఆ పలకను సమర్పించుకున్నాడు. తానెవరో కూడా చెక్కించుకున్నాడు: చర్మకారుడు. తోలుపని చేసే మనిషి తన వృత్తి పేరు దాచుకోకుండా, అందరూ ప్రదక్షిణ చేసే చోట దాతగా నిలబడ్డాడు. ఆ తర్వాతి శతాబ్దాల్లో అదే పని చేసేవాళ్ళను గుడి గడప తొక్కనివ్వలేదు. అప్పటి నుంచి వాళ్ళు పుచ్చుకునేవాళ్ళే అయ్యారు, ఇచ్చేవాళ్ళుగా లెక్కకు రాలేదు.

దానం గురించి మన సంప్రదాయంలో చర్చకు కొదవలేదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విడదీసి, తిరిగి ఏమీ ఆశించకుండా దేశకాలపాత్రాలు చూసి ఇచ్చేదే సాత్వికమంది. పోతన భాగవతంలో బలి చక్రవర్తి, గురువు శుక్రాచార్యుడు వద్దన్నా వినకుండా వామనుడికి మూడడుగుల నేల ధారపోస్తాడు. సాక్షాత్తూ విష్ణువు చెయ్యి కింద, తన చెయ్యి పైన ఉండటం కంటే తనకు కావలసిందేముందని బలి పొంగిపోతాడు. బలి త్యాగానికి చేతులెత్తి మొక్కాల్సిందే. అయినా ఆ ఘట్టంలో ఒక చిక్కు ప్రశ్న మిగిలిపోయింది. దానంలో ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద ఉండక తప్పనప్పుడు, ఆ దానంతో సమానత్వం ఎలా వస్తుంది? కులం పేరుతో, ఆడపుట్టుక పేరుతో కిందికి నెట్టబడ్డవాళ్ళకు కావలసింది పై చెయ్యి చూపే దయా, లేక రెండు చేతుల్నీ ఒకే ఎత్తున నిలిపే చట్టమా?

1951 ఏప్రిల్ 18న ఈ ప్రశ్న తెలంగాణ నేల మీదే ఎదురైంది. వినోబా భావే పోచంపల్లికి వచ్చారు. అక్కడి దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. సర్కారుకు అర్జీ పెడదామన్న మాట నడుస్తుండగానే వెదిరె రామచంద్రారెడ్డి లేచి, తన భూమిలో 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది. వినోబా తెలంగాణలో నడిచిన ఆ కొద్ది వారాల్లోనే 12,000 ఎకరాలకు పైగా వచ్చింది. వెట్టిచాకిరీ, సాయుధ పోరాటం, సైనిక చర్య చూసిన ప్రాంతంలో ఒక భూస్వామి తనంతట తానే లేచి నిలబడటం చిన్న విషయం కాదు.

భూదానం దేశమంతా పాకింది. ఇచ్చిన భూమిలో కొంత సాగుకు పనికిరాలేదు, కొంత కోర్టుల పాలైంది, కొంత ఎవరికి చేరాలో వాళ్ళకు చేరనేలేదు. అన్నిటికంటే బరువైన ప్రశ్న వేరే ఉంది: ఆ భూమి అసలు ఎవరి చెమట? తరతరాలు వెట్టి చేసినవాళ్ళ కష్టంతో పండిన నేలలో ఒక ముక్క వాళ్ళకే ఇస్తే అది దానమా, బాకీ తీర్చడమా? 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన కరీంనగర్ జిల్లా రైతుకూలీలు ఎవరినీ దానం అడగలేదు. వెట్టి పోవాలన్నారు, కూలి రేటు పెరగాలన్నారు, దొరల చేతుల్లో ఉన్న సర్కారు బంజర్లు తమకు దక్కాలన్నారు. ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దానం ఇచ్చినవాళ్ళకు దండలు పడ్డాయి, హక్కు అడిగినవాళ్ళ మీదికి పోలీసులు వచ్చారు. ఈ తేడాను దాటవేసి దానధర్మాల గురించి మాట్లాడటం న్యాయం కాదు.

చట్టం వచ్చినంత మాత్రాన న్యాయం వచ్చినట్టూ కాదు. మంథని నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన పి.వి. నరసింహారావు భూసంస్కరణలకు పట్టుబట్టారు. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. తర్వాతి సవరణతో అందులో మేజరైన కొడుకు ఉంటే కుటుంబానికి అదనపు భూమి ఉంచుకునే వీలు దొరికింది. మేజరైన కూతురు ఉంటే ఆ వీలు లేదు. సమానత్వం కోసం రాసిన చట్టం ఆడపిల్లను లెక్కలోకే తీసుకోలేదు. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతురికి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకున్నది 1985లో. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 2014 ఆగస్టు 15న మొదలైన దళితులకు మూడెకరాల పథకంలో భూమిని ఇంటి ఆడమనిషి పేరనే రిజిస్టర్ చేశారు. అందుకున్నవాళ్ళు తక్కువే కావచ్చు. కానీ పట్టా ఎవరి పేరన ఉండాలన్న ప్రశ్నకు సర్కారు ఇచ్చిన జవాబు మాత్రం సరైనదే.

అలాగని దాతల పాత్రను కొట్టిపారేయలేం. ప్రభుత్వాలు చూడటానికి ఇష్టపడనిదాన్ని మొదట చూసినవాళ్ళు చాలాసార్లు వాళ్ళే. 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ స్వయంగా మాల కుటుంబంలో పుట్టినవారు. 1910 నుంచి ఇసామియా బజార్, లింగంపల్లి లాంటి చోట్ల దళిత పిల్లలకు తెలుగు మాధ్యమంలో బడులు తెరిచారు. చందాలతో నడిచిన ఆ బడులు పాతికకు చేరాక నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. ఆడపిల్లల్ని దేవుడికి అంకితమిచ్చి దేవదాసీలుగా, మురళీలుగా మార్చడానికి వ్యతిరేకంగా కూడా ఆయన పోరాడారు. ఇక్కడ డబ్బు పై నుంచి జారిపడలేదు, కింద ఉన్నవాళ్ళే కూడబెట్టుకున్నారు. విధికుడు పలక మీద తన పేరు చెక్కించుకున్న తీరుకు ఇది దగ్గర.

1971 నవంబర్‌లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో, స్వాతంత్ర్య సమరయోధుడు మద్ది నారాయణరెడ్డి ఇచ్చిన స్థలంలో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. ఒకరి స్థలం, సర్కారు జీతాలు. తర్వాత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్ళ పట్టుదలతో సాంఘిక సంక్షేమ గురుకులాలు విస్తరించాయి. శంకరన్ పెళ్ళి చేసుకోలేదు, జీతంలో పెద్ద భాగం దళిత విద్యార్థుల చదువులకు పంచారు, 2005లో పద్మభూషణ్ వద్దన్నారు. ఆయన జేబులోంచి సాయం అందుకున్న పిల్లలు కొందరే. ఆయన కదిలించిన ఫైళ్ళ వల్ల బడికి వెళ్ళినవాళ్ళ లెక్క వేరు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుతూ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె తల్లిదండ్రులు ఏ దొర వాకిట్లోనూ సీటు కోసం నిలబడనక్కర్లేకపోయింది. ఆ సీటు సర్కారుది, అంటే ఆమెది.

మతం పేరుతో జరిగే అన్యాయం దగ్గర దానం నుంచి హక్కుకు చేరే దారి ఇంకా కష్టం. ఎల్లమ్మ పేరు చెప్పి దళిత ఆడపిల్లల్ని జోగినులుగా మార్చి ఊరి మగవాళ్ళకు వదిలేసే ఆచారాన్ని ముట్టుకోవడానికి అధికారులు జంకేవారు. కవి గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో ఊరూరూ తిరిగారు. వర్ని ప్రాంతంలో సంస్కార్ సంస్థ తరఫున ఆ ఆడవాళ్ళకు నీడ, చదువు, పని చూపారు. 1988లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం చేసింది. అయినా జోగినుల పిల్లలు బడి దరఖాస్తులో తండ్రి పేరు రాయాల్సిన గడి దగ్గర ఆగిపోయేవారు. కరుణతో తెరిచిన వసతిగృహం ఆ గడిని తీసేయలేదు. దాన్ని తీసేయగలిగేది ప్రభుత్వ ఉత్తర్వే.

జాతి వివక్ష వేళ్ళూనుకున్న అమెరికాలోనూ ఇదే ముడి కనిపిస్తుంది. సియర్స్ కంపెనీ అధిపతి జూలియస్ రోసెన్‌వాల్డ్, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ కలిసి 1912లో మొదలుపెట్టిన కార్యక్రమం 1932 దాకా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లపిల్లల కోసం దాదాపు 5,000 బడులు కట్టించింది. రోసెన్‌వాల్డ్ డబ్బు రావాలంటే స్థానిక నల్లజాతివాళ్ళు కొంత వేసుకోవాలి, ప్రభుత్వమూ కొంత పెట్టాలి, బడిని ప్రభుత్వమే నడపాలి. సర్కారును బాధ్యతలోకి లాగిన షరతు అది. దాని మరో వైపు బాధ కలిగిస్తుంది. పన్నులు కట్టినా బడి దక్కని పేద కౌలుదారులు అదే బడికి చందా కూడా ఇవ్వాల్సి వచ్చింది. అదే కాలంలో గార్లాండ్ నిధి అనే దాతృత్వ సంస్థ నల్లజాతి హక్కుల సంఘానికి డబ్బిచ్చింది. మూకహత్యలను ఆపడమే ముఖ్యమనుకున్న సంఘం, ఆ డబ్బు వల్ల విద్యా కేసుల వైపు మళ్ళిందని కొందరు రాజనీతి పరిశోధకులు వాదిస్తారు. విద్యా కేసులు, బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పుకు దారి తీశాయన్నది నిజమే. అయినా చెట్టుకు ఉరి తీయబడుతున్న మనుషులకు ఏది ముందు కావాలో ఎవరు తేల్చాలి?

సమానత్వం కోసం ఇచ్చేదాన్ని దానమనడం కంటే ఋణం తీర్చడమనడం న్యాయం. ఆ ఆలోచనకు మన దగ్గర పాత ఆధారమే ఉంది. శతపథ బ్రాహ్మణం దేవ, ఋషి, పితృ ఋణాలతో పాటు మనుష్య ఋణాన్నీ చెప్పింది. సంపన్నుల సొత్తులో అడిగేవాళ్ళకు, లేనివాళ్ళకు హక్కు ఉందని ఖురాన్ చెబుతుంది. జకాత్ ఆ హక్కు మీదే నిలబడింది. అప్పు తీర్చేవాడు అప్పిచ్చినవాడి పిల్లలు ఏం చదవాలో, దేనికి పోరాడాలో నిర్ణయించడు.

పెద్దపల్లి జిల్లాలో ఇది పుస్తకాల్లోని చర్చ కాదు. రామగుండంలో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం ఉంది, గోదావరిఖనిలో సింగరేణి గనులున్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలంది. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలంది. స్త్రీ పురుష సమానత్వాన్నీ ఆ ఖర్చుల జాబితాలో చేర్చింది. ఎన్టీపీసీ 2018 నుంచి తన కేంద్రాల చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకు వేసవిలో శిక్షణ శిబిరాలు నడుపుతోంది. మంచి పనే. కానీ 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భ బాయిలోకి దిగనివ్వనంత కాలం, ఎన్ని శిబిరాలు పెట్టినా బొగ్గు బాయిలో ఇంజనీరు కావాలనుకున్న అమ్మాయికి దారి మూసే ఉండేది. 2019లో కేంద్ర కార్మిక శాఖ సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగాల్లో ఆడవాళ్ళకు పగటిపూట భూగర్భంలోకి అనుమతి ఇచ్చింది. అప్పుడే ఆ దారి తెరుచుకుంది.

ఆ 2 శాతం ఎక్కడికి పోవాలో తేల్చేది కంపెనీ బోర్డు, దానికి సిఫారసు చేసేది డైరెక్టర్ల కమిటీ. 135వ సెక్షన్ ప్రకారం అందులో ఉండాల్సింది డైరెక్టర్లే. ప్లాంటుకు భూములు పోగొట్టుకున్న ఊళ్ళవాళ్ళకు, ఆ ఊళ్ళ దళిత వాడల ఆడవాళ్ళకు అక్కడ కుర్చీ లేదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్, వార్డు సభ్యుల పదవుల్లో సగం మహిళలకు కేటాయించింది. ఎస్సీ, ఎస్టీ మహిళలకూ అందులో వాటా ఉంది. అంటే రామగుండం చుట్టుపక్కల ఊళ్ళ తరఫున మాట్లాడగలిగిన ఆడవాళ్ళను ఎన్నుకునే ఏర్పాటు చట్టంలో ఇప్పటికే ఉంది. వాళ్ళు గ్రామసభలో తీర్మానం చేసి పంపిన జాబితాను కంపెనీ కమిటీ చర్చించి తీరాలని, కాదంటే కారణం రాతపూర్వకంగా ఊరికి చెప్పాలని 135వ సెక్షన్‌కు పార్లమెంటు ఒక చిన్న సవరణ చేయవచ్చు.