నిజమైతే చాలునా?

నెహ్రూ నగర్‌లో వందన ముగిశాక ఒక యువకుడు ఒంటరిగా ఆగి మమ్మల్ని అడిగాడు: "టీవీలో మాలాంటివాళ్లు కనబడితే ఇంట్లో అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాలా?" వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ నవ్వేవాళ్లలో మేమూ ఉన్నాం.

2011 ఫిబ్రవరిలో టీవీ9, హైదరాబాద్ గే యువకులపై ఒక కథనం ప్రసారం చేసింది. వారితో ఫోన్‌లో మాట్లాడి, రహస్యంగా రికార్డు చేసి, ముఖాలతో సహా లోకానికి చూపింది. జస్టిస్ జె.ఎస్. వర్మ నేతృత్వంలోని న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమన్నది.

"చూపింది నిజమే కదా" అనేవారుంటారు. అభయరాజకుమార సుత్తంలో బుద్ధుడు దీనికి జవాబిచ్చాడు. నిజమే అయినా మేలు చేయని మాటను తథాగతుడు పలకడు. మేలు చేసే నిజానికి కూడా సమయం చూస్తాడు. కారణం, ప్రాణులపై కరుణ. సమ్యక్ వాక్కుకు నిజం మొదటి మెట్టు మాత్రమే.

అలాగని మౌనం మేలు కాదు. తనలాంటి బతుకు గురించి మంచిమాట ఎక్కడా వినని పిల్లవాడు తప్పు తనలోనే ఉందనుకుంటాడు. మూగవారికి గొంతు కావాలనే బాబాసాహెబ్ 1920లో 'మూక్‌నాయక్' స్థాపించారు. 2018 సెప్టెంబరు 6న సెక్షన్ 377పై తీర్పులో జస్టిస్ నారిమన్, ఆ తీర్పును టీవీ, రేడియో, పత్రికల ద్వారా ప్రచారం చేయమని కేంద్రాన్ని ఆదేశించారు. చట్టం మారితే చాలదు, మాట కూడా మారాలని దాని అర్థం.

2021లో మన ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖకు 13 మంది ట్రాన్స్‌జెండర్లు కానిస్టేబుళ్లుగా ఎంపికయ్యారు. ఆ వార్తనూ ఇంట్లో అందరం కలిసి చదువుదాం.

ఆ యువకుడికి ఇప్పుడు చెబుతున్నాం: నువ్వు నవ్వనక్కర్లేదు బాబూ. ముందు మేము మానాలి.

జై భీమ్. నమో బుద్ధాయ.